4050, 4060, 4070: మూడు ల్యాప్‌టాప్‌ల స్పెక్స్ పక్కపక్కన పెట్టి చూశా, కన్ఫ్యూజన్ ఇంకా పెరిగింది

లాస్ట్‌బెంచ్:

అందరికీ నమస్తే. కొన్నాళ్లుగా నాకు ఇదే పని, ట్యాబ్‌లు తెరవడం, రివ్యూలు చూడటం, మళ్లీ మొదటికి రావడం. వడపోసి వడపోసి చివరికి మూడు మిగిలాయి. మూడింటి ధరా ఇంచుమించు ఒకటే (మూడోది పాత స్టాక్ కాబట్టి తగ్గింపులో వస్తోంది), అందుకే ధర సంగతి పక్కన పెట్టి స్పెక్స్ గురించే అడుగుతున్నా.

మొదటిది: ఇంటెల్ కోర్ ఐ7-13650హెచ్‌ఎక్స్, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4050 6 జీబీ (కార్డు సొంత మెమరీ), పక్కన "మ్యాక్స్ 140 వాట్లు" అని ఉంది. 16 జీబీ డీడీఆర్5 ర్యామ్, 8+8 రెండు స్టిక్‌లు. స్క్రీన్ 15.6 అంగుళాలు, 1920×1080, 165 హెర్ట్జ్ (సెకనుకు బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క), 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్ చూపించే రంగుల కొలత). 512 జీబీ ఎస్‌ఎస్‌డీ.

రెండోది: రైజెన్ 7 7435హెచ్‌ఎస్, ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ, ఇదీ 140 వాట్లే. 16 జీబీ డీడీఆర్5, కానీ ఒకే స్టిక్. 15.6 అంగుళాలు, 1920×1080, 144 హెర్ట్జ్, 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (ఇదీ రంగుల కొలతే), వెలుతురు 250 నిట్స్. 512 జీబీ.

మూడోది సన్నది, చూడ్డానికి బాగుంది: రైజెన్ 9 8945హెచ్‌ఎస్, ఆర్‌టీఎక్స్ 4070 8 జీబీ, వాట్లు ఎంతో ఎక్కడా రాయలేదు. 16 జీబీ ఎల్‌పీడీడీఆర్5ఎక్స్. 14 అంగుళాల ఓఎల్‌ఈడీ, 2880×1800, 120 హెర్ట్జ్. 1 టీబీ.

రోజూ ఆడేది వాలరెంట్, సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్ 2). సెలవుల్లో సైబర్‌పంక్ 2077, బాల్డర్స్ గేట్ 3 లాంటి పెద్ద కథల గేమ్‌లు. దాంతోపాటు కోడింగ్, ఆండ్రాయిడ్ ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్), అప్పుడప్పుడు బ్లెండర్ (3డీ బొమ్మల సాఫ్ట్‌వేర్). కాలేజీకి మోసుకెళ్లాలి, నాలుగేళ్లు రావాలి. మా ఫ్రెండ్ మాత్రం "4070 వస్తుంటే ఇంకా ఆలోచన ఏంట్రా, కళ్లు మూసుకుని తీసేసుకో" అంటున్నాడు. నంబర్ పెద్దదైతే పవర్ ఎక్కువే కదా? లేక నాకు తెలియని తిరకాసు ఏమైనా ఉందా?

వాట్‌మీటర్:

తిరకాసు ఉంది బ్రో, అదీ నువ్వు "ఎక్కడా రాయలేదు" అన్నావే, అక్కడే ఉంది.

ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు పేరు సగం సమాచారమే. మిగతా సగం దానికి ఎన్ని వాట్లు ఇస్తున్నారన్నది, దీన్నే టీజీపీ అంటారు. ల్యాప్‌టాప్ 4070కి ఎన్విడియా ఇచ్చిన పరిధే 35 నుంచి 115 వాట్ల దాకా. అంటే 40 వాట్లతో నడిచేదాని మీదా, 115తో నడిచేదాని మీదా ఒకటే స్టిక్కర్ అంటిస్తారు. ఒకప్పుడు కనీసం తక్కువ వాట్లవాటికి పేరు చివర మ్యాక్స్-క్యూ అని తోక ఉండేది, చూడగానే తెలిసిపోయేది. 2021లో 30 సిరీస్ ల్యాప్‌టాప్‌లు వచ్చినప్పుడు ఆ తోక తీసేశారు, అప్పటి నుంచి స్పెక్ షీట్‌లో చిన్న అక్షరాలు వెతుక్కోవడం మన పని అయింది. రాస్తే రాశారు, లేకపోతే లేదు. నా అనుభవంలో ఎక్కువ వాట్లు ఇచ్చినవాళ్లు గొప్పగా రాసుకుంటారు, రాయలేదంటే తక్కువే అనుకుని మొదలుపెట్టడం మంచిది.

ఇంకోటి. డెస్క్‌టాప్ 4070 గురించి చదివినదంతా మర్చిపో. దానికి 5888 కోర్లు (లెక్కలు చేసే చిన్న యూనిట్లు), 12 జీబీ మెమరీ, 192 బిట్ బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు). ల్యాప్‌టాప్ 4070కి 4608 కోర్లు, 8 జీబీ, 128 బిట్. లోపల ఉన్నది డెస్క్‌టాప్ 4060 టీఐలో వాడే ఏడీ106 చిప్పే. పేరు గొప్ప ఊరు దిబ్బ.

ఇప్పుడు ల్యాప్‌టాప్ 4060తోనే పోల్చి చూడు. 4060కి 3072 కోర్లు, 4070కి 4608, అంటే కాగితం మీద సరిగ్గా ఒకటిన్నర రెట్లు. కానీ రెండింటికీ మెమరీ 8 జీబీయే, బస్సు 128 బిట్టే, సెకనుకు మెమరీలోంచి వచ్చే డేటా కూడా రెండింట్లో 256 జీబీయే. ట్యాంకు పెద్దది చేశారు కానీ కుళాయి మార్చలేదు. అందుకే రెండింటికీ ఒకేలా వాట్లు ఇచ్చినా గేమ్‌లో తేడా ఒకటిన్నర రెట్లు రాదు, దానికి చాలా తక్కువలోనే ఆగిపోతుంది. ఇక 4070కి వాట్లు కోసేస్తే ఆ కాస్త తేడాలోనూ చాలావరకు పోతుంది.

వాట్లు రాయకపోతే కనుక్కునే దారి ఒకటి చెప్తా. అడాప్టర్ ఎన్ని వాట్లదో చూడు. లేబుల్ మీద అవుట్‌పుట్ అని వోల్టులు, ఆంపియర్లు ఉంటాయి, రెండూ గుణిస్తే సరిపోతుంది. 20 వోల్టులు, 11.5 ఆంపియర్లు అయితే 230 వాట్లు. జీపీయూకి (గ్రాఫిక్స్ చిప్) 140, సీపీయూకి (ప్రాసెసర్) 45, స్క్రీన్, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ అన్నీ కలిపి ఇంకో 15, 20 వేసుకుంటే 200 దాటుతుంది, కాబట్టి అలాంటి మెషీన్‌కి 230 ఇస్తారు. 180 వాట్ల అడాప్టర్ ఇచ్చారంటే అది 230 కంటే 50 తక్కువ, కాబట్టి అదే లెక్కలో జీపీయూకి 140 బదులు 90 చుట్టుపక్కలే ఇస్తున్నారని అనుకోవచ్చు. అడాప్టర్ అబద్ధం చెప్పదు. ఆ ప్రొడక్ట్ పేజీలో బాక్స్ ఫొటోలు ఉంటే జూమ్ చేసి చూడు.

సన్నజాజి:

వాట్‌మీటర్ గారు చెప్పింది నిజమే కానీ అన్నీ వాట్లతోనే కొలిస్తే ఎలా? తను కాలేజీకి మోసుకెళ్తానంటున్నాడు. మొదటి రెండూ రెండుంపావు కిలోల పైమాటే ఉంటాయి, దానికి ఇటుకంత అడాప్టర్ తోడు, పుస్తకాలు, నీళ్ల బాటిల్ వేరే. నా 14 అంగుళాలది కిలోన్నర. టైప్-సీలో చార్జ్ అవుతుంది కాబట్టి క్లాసులకి ఫోన్ చార్జర్ కంటే కాస్త పెద్దది పట్టుకెళ్తే చాలు, పెద్ద అడాప్టర్ ఇంట్లోనే ఉంటుంది. లైబ్రరీలో ఫ్యాన్ చప్పుడుకి పక్కవాళ్లు తిరిగి చూడరు. ఆ ఓఎల్‌ఈడీ చూశాక మామూలు స్క్రీన్ మీదకి మనసు పోదు. గేమ్‌లు ఎన్ని గంటలు ఆడతావో, మిగతా పని ఎన్ని గంటలు చేస్తావో ఒకసారి నిజాయితీగా లెక్కేసుకో తమ్ముడూ.

లాస్ట్‌బెంచ్:

థాంక్యూ అన్నా, అక్కా. అడాప్టర్ ఫొటో దొరికింది. మూడోదానికి 20 వోల్టులు, 9 ఆంపియర్లు, అంటే సరిగ్గా 180. మొదటి రెండింటికీ 230. కాబట్టి 4070 సంగతి అర్థమైంది. కానీ ఇప్పుడు 4050, 4060 రెండూ 140 వాట్లే కదా, 6 జీబీ, 8 జీబీ మధ్య తేడా అంత పెద్దదా? పైగా మొదటిదాంట్లో ఐ7 హెచ్‌ఎక్స్ ఉంది, 14 కోర్లు. రెండోదాంట్లో 8 కోర్లే. వాలరెంట్‌కి సీపీయూనే ముఖ్యం అని విన్నా.

బాటమ్‌ఫ్రాగర్:

ముందు వాట్ల గురించి ఒక మాట, ఎందుకంటే ఈ మధ్య ఎవరిని అడిగినా 140, 140 అని జపం చేస్తున్నారు. ఆ 140లో 115 అసలుది, 25 డైనమిక్ బూస్ట్. సీపీయూ ఖాళీగా ఉన్నప్పుడు దాని వాటాలోంచి తీసి జీపీయూకి ఇచ్చేది అది, రాసిపెట్టిన ఆస్తి కాదు. పైగా 4050, 4060 రెండూ చాలా గేమ్‌లలో 100 వాట్ల దగ్గరికి వచ్చేసరికే వోల్టేజ్ పరిమితికి తగిలి అక్కడే ఆగిపోతాయి. మా రూమ్‌లో రెండు 4060లు ఉన్నాయి, నాది 140, మా వాడిది 105. ఒకే గేమ్, ఒకే సెట్టింగ్స్, ఒకే సీన్, పక్కన వాట్లు చూపించే ఓవర్‌లే పెట్టి చూస్తే నాది కూడా 100 చుట్టూనే ఊగుతుంది తప్ప 140 ముఖం చూడదు. 60కీ 100కీ మధ్య భూమ్యాకాశాల తేడా ఉంటుంది, ఒప్పుకుంటా. 105కీ 140కీ మధ్య మాత్రం ఈ రెండు కార్డుల్లో డబ్బు పెట్టేంత తేడా లేదు.

ఇక నీ ప్రశ్న. వాలరెంట్, సీఎస్2 గురించి టెన్షన్ పడకు. రెండూ సీపీయూ మీద ఆధారపడేవే, నిజమే, కానీ నువ్వు చెప్పిన మూడు సీపీయూలూ వాలరెంట్‌లో నీ స్క్రీన్ చూపించగలిగినదానికంటే ఎక్కువ ఫ్రేమ్‌లే ఇస్తాయి. 144 హెర్ట్జ్ స్క్రీన్ మీద 300 వచ్చినా 400 వచ్చినా కంటికి పెద్దగా తేడా తెలియదు. సీఎస్2 కొంచెం బరువైనదే, పొగ బాంబులు పడ్డప్పుడు ఫ్రేమ్‌లు జారతాయి, అక్కడ హెచ్‌ఎక్స్ చిప్ మెరుగ్గా పట్టుకుంటుంది. 14 కోర్లు చూసి మురిసిపోకు కానీ, అందులో పెద్ద కోర్లు 6, చిన్నవి 8. గేమ్ నడిపేది ముఖ్యంగా ఆ ఆరే. చిన్నవి నీ ఎమ్యులేటర్‌కి, కోడ్ కంపైల్ అవ్వడానికి, బ్లెండర్ రెండర్‌కి పనికొస్తాయి.

రైజెన్ పేర్లలో ఒక మర్మం ఉంది, తెలిసుండటం మంచిది. 7000, 8000 సిరీస్ ల్యాప్‌టాప్ చిప్‌లలో మొదటి అంకె చూసి ఏ తరమో అనుకోవద్దు, మూడో అంకె చూడాలి. 7435లో మూడో అంకె 3, అంటే జెన్ 3 కుటుంబం (జెన్ అంటే ఏఎండీ ప్రాసెసర్ డిజైన్ పేరు), పాతది. 8945లో మూడో అంకె 4, జెన్ 4. అంటే 7435, 7840 రెండూ "7000 సిరీస్ రైజెన్ 7" అనే అమ్ముతారు, లోపల మాత్రం ఒక తరం తేడా.

7435హెచ్‌ఎస్‌లో ఇంకో సంగతి ఉంది, దీని గురించి ఎవరూ చెప్పరు. దానికి ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ అసలు లేవు. మామూలు గేమింగ్ ల్యాప్‌టాప్‌లో నువ్వు బ్రౌజర్ తెరిచినప్పుడు, పీడీఎఫ్ చదివేటప్పుడు సీపీయూలోని చిన్న గ్రాఫిక్స్ స్క్రీన్‌ని నడుపుతాయి, పెద్ద కార్డు పడుకుంటుంది. ఇందులో చిన్నది లేదు కాబట్టి క్లాసులో నోట్స్ రాసుకుంటున్నా సరే 4060 మెలకువగానే ఉంటుంది, బ్యాటరీ తాగుతూనే ఉంటుంది. గేమ్‌కి దీనివల్ల నష్టం లేదు, స్క్రీన్ నేరుగా పెద్ద కార్డుకే తగిలి ఉంటుంది కాబట్టి నిజానికి మక్స్ స్విచ్ ఉన్నట్టే లెక్క. కానీ ప్లగ్ పాయింట్ లేని క్లాస్‌రూమ్‌లో మధ్యాహ్నం దాకా లాగుతుందని ఆశ పెట్టుకోకు.

6 జీబీ, 8 జీబీ సంగతి వేరేవాళ్లు చెప్తే బాగుంటుంది, నేను కథల గేమ్‌లు ఆడను, ఓపిక లేదు.

పిక్సెల్‌పిచ్చి:

ఆడేవాడిని నేను చెప్తా. 6 జీబీ వద్దు, నాలుగేళ్ల కోసం అయితే అసలు వద్దు. డూమ్: ది డార్క్ ఏజెస్, 2025లో వచ్చిందే, దాని మినిమమ్ లిస్టులోనే 8 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అని ఉంది. రికమెండెడ్ కాదు, మినిమమ్. 4050 పరిగెత్తలేక కాదు ఆగేది, చోటు చాలక. చోటు నిండాక టెక్స్‌చర్లు (గోడలు, వస్తువుల మీద పరిచే బొమ్మలు) మామూలు ర్యామ్‌లోకి పొంగుతాయి, అక్కడి నుంచి తెచ్చుకోవడం చాలా నెమ్మది. అప్పుడు ఏం కనిపిస్తుందంటే, ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేమ్‌లు) కౌంటర్ 60 చూపిస్తూనే ఉంటుంది కానీ కెమెరా తిప్పగానే టక్‌మని ఒక కుదుపు, ఎదురుగా ఉన్న గోడ కొన్ని క్షణాలు మైనం పూసినట్టు మసకగా ఉండి తర్వాత తేరుకుంటుంది. రే ట్రేసింగ్ (వెలుగునీడలు నిజంలా లెక్కగట్టడం), ఫ్రేమ్ జనరేషన్ (మధ్యలో కొత్త ఫ్రేమ్‌లు తయారుచేయడం) రెండూ మెమరీ తినేవే, కాబట్టి 4050లో ఆ ఫీచర్లు ఉన్నాయని డబ్బా కొట్టినా వాడుకునే చోటు తక్కువ. దానికితోడు 4050 బస్సు 96 బిట్టే. ర్యామ్ తర్వాత పెంచుకోవచ్చు, ఎస్‌ఎస్‌డీ పెంచుకోవచ్చు, గ్రాఫిక్స్ మెమరీ మాత్రం కొన్న రోజు ఎంతో పోయే రోజూ అంతే.

అయితే రెండోది కొనమని కూడా చెప్పను, ఎందుకంటే ఆ స్క్రీన్. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అంటే ఎస్‌ఆర్‌జీబీలో అరవై పైచిలుకు శాతం. ఎర్రటిది ఇటుక రంగులో, పచ్చటిది ఎండిన ఆకులా కనిపిస్తుంది. బ్లెండర్‌లో రంగులు సరిచూసుకోవడం కుదరదు, నీ స్క్రీన్‌లో సరిగా పెట్టింది ఇంకొకరి ఫోన్‌లో మండిపోతుంది. 250 నిట్స్ అంటే కిటికీ పక్కన కూర్చుంటే నీ మొహమే నీకు కనిపిస్తుంది. అసలు బాధ ఇది కూడా కాదు. 144 హెర్ట్జ్ అంటే ప్రతి 6.9 మిల్లీసెకన్లకి కొత్త బొమ్మ రావాలి. ఈ రకం చవక ప్యానెళ్లలో చాలావాటికి పిక్సెల్ రంగు మారడానికే 20 మిల్లీసెకన్లు దాటుతుంది. ఒక బొమ్మ పూర్తిగా చెరగకముందే రెండు మూడు కొత్తవి వచ్చి పడతాయి, పరిగెత్తే శత్రువు వెనక నీడ తోకలా సాగుతుంది. వాలరెంట్ ఆడేవాడికి ఇంతకంటే చిరాకు ఉండదు. స్పెక్ షీట్‌లో హెర్ట్జ్ మాత్రమే పెద్దక్షరాలతో రాసి, రంగుల శాతం దాచేస్తే నేను ఆ పేజీ మూసేస్తా.

మూడోదాని ఓఎల్‌ఈడీ ఆ విషయంలో రాజా. 120 హెర్ట్జే అయినా పిక్సెళ్లు తక్షణం మారతాయి కాబట్టి ఆ 144 కంటే కదలికలు శుభ్రంగా ఉంటాయి. కానీ 2880×1800 అంటే 1920×1080కి సరిగ్గా రెండున్నర రెట్లు పిక్సెళ్లు. 90 వాట్ల 4070తో సైబర్‌పంక్ ఆ రిజల్యూషన్‌లో నేరుగా నడపడం కష్టం, డీఎల్‌ఎస్‌ఎస్ (తక్కువ రిజల్యూషన్‌లో గీసి ఏఐతో పెద్దది చేసే ఎన్విడియా ఫీచర్) పెట్టుకోవాల్సిందే. చిన్న స్క్రీన్ కాబట్టి డీఎల్‌ఎస్‌ఎస్‌తో బాగానే కనిపిస్తుంది, అది వేరే విషయం. ఇంకా ఓఎల్‌ఈడీలో టాస్క్‌బార్ లాంటివి ఎప్పుడూ ఒకే చోట వెలుగుతూ ఉంటే కొన్నేళ్లకి మచ్చ పడే ప్రమాదం ఉంది. టాస్క్‌బార్ దాచేయ్, వాల్‌పేపర్ నల్లగా పెట్టు, అది అలవాటు చేసుకోగలిగితే మూడోది చెడ్డ ఎంపికేం కాదు.

వాట్‌మీటర్:

బాటమ్‌ఫ్రాగర్ చెప్పిన 105, 140 సంగతి ఒప్పుకుంటా, ఈ రెండు కార్డుల వరకు. అందుకే మూడోదాని 90 వాట్లని కూడా నేను చెత్త అనడం లేదు, దాన్ని 4060 కంటే పెద్ద మెట్టు పైన ఉందనుకుని కొనొద్దు అంటున్నా. సన్నజాజి గారి వాదన ప్రకారం బరువు కోసం, స్క్రీన్ కోసం కొంటే అది వేరే లెక్క, ఆ లెక్కలో అది నిజంగా బాగుంది.

కానీ ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ అంటే బోర్డు మీద అతికించేసిన ర్యామ్. 16 కొంటే ఎప్పటికీ 16. ఎమ్యులేటర్ తెరిచి, పక్కన ఎడిటర్ పెట్టి, బ్రౌజర్ ట్యాబ్‌లు నీలాంటి వాడు తెరిచినన్ని తెరిస్తే ఇవాళే 16 దగ్గరికి వస్తుంది. నాలుగేళ్లంటే ఆలోచించాల్సిన విషయం. రెండోదాంట్లో ఒకే స్టిక్ అన్నావు కదా, అది చూడ్డానికి లోపమే, ఒక రకంగా అవకాశం కూడా. ఒకే స్టిక్‌తో సీపీయూకి మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది. సగటు ఎఫ్‌పీఎస్ మీద కంటే కుదుపుల మీద దాని ప్రభావం ఎక్కువ, బాల్డర్స్ గేట్ 3లో మూడో అంకంలో నగరంలోకి అడుగుపెట్టినప్పుడు తెలుస్తుంది, జనం ఎక్కువ, సీపీయూకి పని ఎక్కువ. అలాంటి మరో 16 స్టిక్ రెండో స్లాట్‌లో పెడితే దారి పూర్తిగా తెరుచుకుంటుంది, మొత్తం 32 అవుతుంది. 8+8 అయితే ఇవాళ బాగుంటుంది, రేపు పెంచాలంటే రెండూ తీసి పక్కన పడేయాలి.

బ్యాటరీ గురించి కూడా ఒక మాట. వీటిలో ఏది కొన్నా చార్జర్ లేకుండా గేమ్ ఆడదామనుకోకు. 60 వాట్-అవర్ బ్యాటరీ మీద మెషీన్ 120 వాట్లు లాగితే అరగంట, సాదాసీదా లెక్క. అందుకే ప్లగ్ పీకగానే వాళ్లే వాట్లు కోసేస్తారు, గేమ్ పాకుతుంది.

లాస్ట్‌బెంచ్:

మొత్తం అర్థమయ్యేసరికి మూడూ నచ్చకుండా పోయాయి, బాగుంది 😅. అంటే నాకు కావాల్సింది 8 జీబీ కార్డు, మంచి స్క్రీన్, చిన్న గ్రాఫిక్స్ ఉన్న సీపీయూ, ర్యామ్ పెంచుకునే వీలు. 4060కి బదులు 50 సిరీస్ చూడమంటారా?

బాటమ్‌ఫ్రాగర్:

చూడొచ్చు. ల్యాప్‌టాప్ 5060కి 3328 కోర్లు, మెమరీ 8 జీబీయే కానీ జీడీడీఆర్7, వేగమైనది. 5050 కూడా 8 జీబీతోనే వస్తుంది, అందుకే 4050, 5050 ఒకే ధరలో కనిపిస్తే ఆలోచించక్కర్లేదు. కాకపోతే 50 సిరీస్ ప్రకటనల్లో చూపించే గ్రాఫ్‌లు నమ్మొద్దు. మల్టీ ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేసి, ఒక్కో అసలు ఫ్రేమ్‌కి మూడేసి తయారుచేసినవి కలిపి, పాత కార్డు కంటే ఇన్ని రెట్లు అని గీస్తారు. తయారుచేసిన ఫ్రేమ్ బొమ్మని నునుపు చేస్తుంది తప్ప నీ మౌస్ కదలికకి స్పందన పెంచదు, ముందు అసలు ఫ్రేమ్‌లు 60 దగ్గర ఉంటేనే దాంతో సుఖం. పోల్చేటప్పుడు అది ఆఫ్ చేసిన టెస్టులే చూడు.

ఇంకో కిటుకు. నువ్వు చూసిన మొదటి మోడల్ పేరుతోనే వెతుకు, అదే బాడీలో 4060 ఉన్న వెర్షన్ ఉండే అవకాశం ఎక్కువ. ఒకే మోడల్ పేరు కింద ఐదారు రకాలు అమ్ముతారు, సీపీయూ వేరు, ప్యానెల్ వేరు, ర్యామ్ వేరు. రివ్యూలో చూసింది ఒకటి, ఇంటికి వచ్చేది ఒకటి అయ్యేది ఇక్కడే. మోడల్ పేరు కాదు, దాని వెనక ఉండే పొడవాటి పార్ట్ నంబర్ పట్టుకుని తయారీదారు సైట్‌లోనే చూడు.

లాస్ట్‌బెంచ్:

దొరికింది! అదే మొదటి మోడల్, అదే 13650హెచ్‌ఎక్స్, ఆర్‌టీఎక్స్ 4060 8 జీబీ, 16 జీబీ ఒకే స్టిక్, రెండో స్లాట్ ఖాళీ అని రాశారు, అదే 165 హెర్ట్జ్ 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ప్యానెల్. కొంచెం ఎక్కువ పెట్టాలి కానీ పెట్టగలను. మక్స్ స్విచ్ ఉంది. బరువు 2.4 కిలోలు, అది మాత్రం భరించాలి. ఎస్‌ఎస్‌డీ 512యే, అది చాలా తక్కువ కదా?

పిక్సెల్‌పిచ్చి:

512 అంటే విండోస్‌లో 476 చూపిస్తుంది, విండోస్ తినేది అందులోంచి తీసేయ్. బాల్డర్స్ గేట్ 3 ఒక్కటే 150 జీబీ అడుగుతుంది, సైబర్‌పంక్ 70. సరిపోదు, కానీ ఎస్‌ఎస్‌డీ పెట్టే ఎం.2 స్లాట్ రెండోది ఉందో లేదో చూసుకుంటే తర్వాత ఇంకోటి పెట్టుకోవచ్చు, దానికోసం ఆగకు. అప్పుడు కూడా పీసీఐఈ జెన్4 ఎస్‌ఎస్‌డీల్లో (రైజెన్ జెన్‌తో సంబంధం లేదు) అన్నింటికంటే వేగమైనదే కావాలని వెతక్కు, గేమ్ లోడ్ అవ్వడంలో మధ్యరకం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీకీ దానికీ తేడా పట్టుకోవడం కష్టం. తీసేసుకో.

సన్నజాజి:

2.4 కిలోలు ప్లస్ అడాప్టర్. మొదటి సెమిస్టర్ అయ్యాక భుజం ఎలా ఉందో ఇక్కడే చెప్పు తమ్ముడూ 🙂. సరే, భుజాలకి ప్యాడింగ్ ఉన్న బ్యాగ్ మాత్రం మంచిది తీసుకో. క్లాసుకి పెద్ద అడాప్టర్ మోయకుండా ఉండాలంటే టైప్-సీ పోర్టులో పవర్ డెలివరీ ఉందో లేదో కనుక్కో, ఉంటే 100 వాట్ల చార్జర్‌తో నోట్స్ రాసుకునే పనంతా గడిచిపోతుంది. ఉత్త డేటాకి మాత్రమే పనికొచ్చే టైప్-సీ పోర్టులు కూడా ఉంటాయి, పోర్టు ఆకారం చూసి నమ్మకు.

వాట్‌మీటర్:

బాక్స్ రాగానే, రిటర్న్ గడువు ఉండగానే ఇవి చూసుకో బ్రో. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్ అని ఒక లైన్ ఉంటుంది, అక్కడ ఉన్న సంఖ్య షీట్‌లో రాసినదానితో సరిపోవాలి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ దగ్గర స్లాట్లు రెండింటిలో ఒకటి వాడుకలో ఉన్నట్టు చూపించాలి. మొత్తం తెలుపు, మొత్తం నలుపు, ఎరుపు, పచ్చ, నీలం రంగులు స్క్రీన్ నిండా పెట్టి చచ్చిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూడు. తర్వాత చార్జర్ పెట్టి, పర్ఫార్మెన్స్ మోడ్‌లో, బరువైన గేమ్ అరగంట ఆపకుండా నడుపు. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వాట్లు, వేడి చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి ఉంచు. మొదటి ఐదు నిమిషాల్లో వచ్చిన అంకెలు చూసి సంబరపడకు, అందరివీ బాగానే వస్తాయి. ఇరవై నిమిషాలు దాటాక జీపీయూ వాట్లు ఎంత దగ్గర నిలబడ్డాయి, సీపీయూ 100 డిగ్రీలకి తగిలి వెనక్కి తగ్గుతోందా, అది ముఖ్యం. హెచ్‌ఎక్స్ చిప్ కాబట్టి వేడి ఎక్కువే ఉంటుంది, అప్పుడప్పుడు 95 చూస్తే భయపడక్కర్లేదు, అక్కడే అతుక్కుపోయి ఫ్రేమ్‌లు పడిపోతుంటే మాత్రం వెనక్కి పంపించు. వేడిగాలి ఏ వైపు నుంచి వస్తుందో కూడా గమనించు, కుడి పక్క నుంచి వస్తే మౌస్ పట్టుకున్న చేయి కాలుతూ ఉంటుంది.

లాస్ట్‌బెంచ్:

ఆర్డర్ పెట్టేశా. టైప్-సీలో పవర్ డెలివరీ ఉందట, 100 వాట్ల దాకా. అరగంట టెస్ట్ అయ్యాక వాట్లు, టెంపరేచర్ల స్క్రీన్‌షాట్ ఇక్కడే పెడతా, తేడాగా ఉంటే చెప్పండి.